బల్లార్షాలో దిగకూడదు

ఏప్రిల్ 28, సోమవారం

సునీత ఫోన్ చేసింది. ఐదో నెల కదా, డాక్టరమ్మ మంచం దిగొద్దందట. బరువులెత్తకూడదు, పిల్ల వెనక పరుగెత్తకూడదు. మిన్నీకి నాలుగేళ్ళు. పరుగెత్తకుండా దాన్ని పెంచగల మొనగాళ్ళు ఇంకా పుట్టలేదు.

"అమ్మా, నువ్వొచ్చి దాన్ని తీసుకెళ్ళవే. రెండు నెలలు నీ దగ్గరుంచుకో."

నాగపూర్ నుంచి. రైల్లో. నేనూ, పిల్లా, ఇద్దరమే.

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. పొయ్యి మీద పప్పు మాడింది. ఎందుకు మాడిందో ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 29

ఆయన రాలేరు. మామిడి కోతలు మొదలయ్యాయి, సాయంత్రమయ్యేసరికి రోజూ మబ్బు పడుతోంది. ఒక్క గాలివాన చాలు, తోటంతా నేల మీదుంటుంది. "ఇప్పుడు తోట వదిలి నేనెలా వస్తానే?" అన్నారు. నిజమే. అల్లుడికి సెలవు లేదు. వియ్యపురాలికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. అందరి కారణాలూ గట్టివే. పైకి చెప్పుకోలేని కారణం నాదొక్కదానిదే.

ఏప్రిల్ 30

షెడ్డులో మామిడికాయలు ఏరుతూ, ఒక కాయ చేతిలో పట్టుకుని అది ఏ ట్రేలోకి వెళ్ళాలో మర్చిపోయాను. ఇరవై ఏళ్ళ పైగా ఈ పని చేస్తున్నాను. ఎప్పుడూ చెయ్యి దానంతటదే వెళ్ళేది.

రైలు... రైలు...

మే 1, గురువారం

సునీత మళ్ళీ. "నీకు హిందీ ఎలాగూ రాదు. ఇంగ్లీషు నాలుగు ముక్కలు నేర్చుకో, సగం మాటలు నీకు తెలిసినవే. అదీ కాకపోతే ఫోన్లో తెలుగులో చెప్పి నొక్కు, అదే హిందీలో మాట్లాడుద్ది."

ఫోన్‌కి చార్జింగ్ అయిపోతే? ఎవడో కొట్టేస్తే? ఫోను సీటు మీద ఉండి నేను కింద ఉంటే? ఇవేవీ అడగలేదు. చివరిది అసలే అడగలేదు.

పక్క వీధి గ్రేసమ్మ టీచరుగారింటికి వెళ్ళాను. ఉద్యోగమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పటికీ చర్చికి వెళ్తూ దారిలో బోర్డుల మీద తప్పులు చదివి కోప్పడతారు. నా గొడవ విని, "రేపట్నుంచి నేనే షెడ్డుకొస్తాను రత్నం. నువ్వు కాయ ఏరుతూనే చెప్పు. చేతులు పన్లో ఉంటే నోటికి భయం ఉండదు" అన్నారు.

నోటి సంగతి సరే. లోపలున్న భయానికి ఏం చెయ్యాలి?

మే 2

టీచరుగారు బోర్లించిన ట్రే మీద కూర్చున్నారు, బెత్తం లేదన్న మాటే గాని క్లాసులో ఉన్నట్టే. నేను బంగినపల్లి ఏరుతున్నాను.

"ఎక్స్‌క్యూజ్ మి. దిస్ ఈజ్ మై సీట్."

"వాట్ ఈజ్ ది నెక్స్ట్ స్టేషన్?"

"హౌ లాంగ్ విల్ ది ట్రైన్ స్టాప్ హియర్?"

మూడోది అరిచినట్టే అన్నానట. "ఎవరి మీదికమ్మా ఆ పోట్లాట?" అని నవ్వారు. షెడ్డులో ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఒళ్ళంతా చెమట.

ఈ డైరీ వెనక పేజీల్లో మూడు గళ్ళు గీశాను. పండు, దోర, కాయ. తడుముకోకుండా వచ్చే మాట పండు గడిలోకి. కాస్త ఆలోచిస్తే వచ్చేది దోర. నోట్లో ఇరుక్కునేది కాయ. నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

మే 4, ఆదివారం

టీచరుగారు చర్చి నుంచి నేరుగా వచ్చారు. "అన్నీ నేనే చెప్తున్నాను. నీకేం మాట కావాలో నువ్వడుగు."

అడిగాను. "నా పిల్ల రైల్లో ఉండిపోయింది. దీన్నేమంటారండీ?"

ఆవిడ నా మొహం కేసి చూశారు. "అలాంటి అవసరం ఎందుకొస్తుంది?"

"చెప్పండి టీచరుగారూ."

"మై చైల్డ్ ఈజ్ ఇన్ ది ట్రైన్."

నా వంతు. మై చైల్డ్... అక్కడికే. ఆగిపోయాను. మూడుసార్లు. ఆవిడ నా చేతిలోంచి కాయ తీసుకుని ట్రేలో పెట్టారు.

అదే రోజు, సాయంత్రం

ఇక్కడైనా రాయాలి. ఇరవై రెండేళ్ళుగా ఎక్కడా చెప్పలేదు.

సునీతకి అప్పుడు ఐదేళ్ళు. కాయ అమ్మించడానికి ఆయన నాగపూర్ మార్కెట్లో నెల్లాళ్ళు ఉండిపోయిన ఏడాది. ఆయన దగ్గరికి వెళ్తున్నాం, నేనూ పిల్లా. ఆయన ఉంటున్న ఇంటివాళ్ళకి ఇవ్వడానికి గంపెడు చిన్న రసాలు, గడ్డిలో పేర్చి. ఆ ఎండకి రైలు పెట్టె పొయ్యిలా ఉంది. బల్లార్షా వచ్చేసరికి గంపలోంచి వాసన మారింది. పండు చెడిన వాసన వస్తే మావాళ్ళెవరూ కూర్చోలేరు. చితికినదాన్ని తీసి పారేసి, దాని రసం అంటుకున్నవాటిని అప్పటికప్పుడు కడగాలి, లేకపోతే గంపంతా పోతుంది. బుద్ధి తెలిసినప్పట్నుంచి చేతులకి అదే అలవాటు.

బండి పది నిమిషాలు ఆగుతుందని పక్కసీటాయన వేళ్ళు చూపించాడు. ఆరు పళ్ళు కొంగులో వేసుకుని పంపు దగ్గరికి దిగాను. పిల్ల కిటికీ పక్కన కూర్చునుంది. "కదలకు" అన్నాను.

ఆరో పండు కడుగుతుంటే రైలు కదిలింది.

పరుగెత్తాను. పళ్ళు వదల్లేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. కొంగు వదిలేస్తే చేతులు ఖాళీ అయ్యేవి, తలుపు కమ్మీ అందేదేమో. ఆరు పళ్ళూ పొదివి పట్టుకుని ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాను. కనబడినవాళ్ళనల్లా పట్టుకుని "పిల్ల, పిల్ల" అన్నాను. ఒక్కరికీ అర్థం కాలేదు. ఒకాయన నేను పళ్ళమ్ముకునేదాన్ననుకుని ధర ఎంతని వేళ్ళతో అడిగాడు.

చాలాసేపటికి తెలుగొచ్చిన కూలీ ఒకాయన దొరికాడు. ఫోన్లు చేయించాడు. పిల్లని చంద్రాపూర్‌లో దింపారు. నేను ఇంకో బండిలో వెళ్ళేసరికి నాలుగు గంటలు పట్టింది. స్టేషన్ గదిలో బల్ల మీద కూర్చునుంది, చేతిలో బిస్కట్టు. ఏడవడం లేదు. నన్ను చూసి లేచి రాలేదు కూడా. బిస్కట్టు వంకే చూస్తోంది.

పిల్ల దాహమని ఏడిస్తే నీళ్ళ కోసం దిగానని అందరికీ చెప్పాను. ఆయనకీ అదే చెప్పాను. "నీళ్ళకోసమైతే ఏ తల్లైనా దిగుద్ది" అన్నారు, పాపం. ఒక్క మాట అనలేదు.

నీళ్ళు కాదు. పళ్ళు.

ఇప్పుడు సునీత తన కూతుర్ని నా చేతికిస్తోంది. దానికి తెలియదు కాబట్టి ఇస్తోంది. తెలిస్తే ఇచ్చేదా?

మే 6

పండు పదకొండు. దోర నాలుగు. కాయ ఒకటి. ఆ ఒకటి అదే.

మే 7, బుధవారం

టికెట్లు వచ్చాయి. వెళ్ళేది ఆదివారం, రావడం ఆ తర్వాతి శుక్రవారం. రెండుసార్లూ బల్లార్షా మీదుగానే. వేరే దారి ఉందా అని అడిగితే టికెట్లు తీసిచ్చిన కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

పళ్ళు పట్టుకెళ్ళనని ఆయనతో చెప్పాను. పెద్ద గొడవ. "మామిడి కాలంలో నూజివీడు నుంచి కూతురింటికి చేతులూపుకుంటూ వెళ్తావా? అల్లుడు ఏమనుకుంటాడు? వియ్యపురాలు ఏమనుకుంటుంది?" అక్కడ కొనుక్కుంటారులే అన్నాను. ఆ మాటతో ఇంకా మండింది ఆయనకి. మన కాయ వాళ్ళు బజార్లో కొనుక్కోవాలా అని.

ఏం చెప్పను?

మే 9

టీచరుగారి చివరి పాఠం. ఆ ఒక్క వాక్యం ఇవాళా రాలేదు. "పోనీలే, బలవంతాన మాగబెట్టకు. గడ్డిలో పెట్టి వదిలెయ్" అన్నారు. ఆవిడకి ఏదో అర్థమైంది. ఏమిటని మాత్రం అడగలేదు. అందుకే ఆవిడంటే ఇష్టం నాకు.

కొత్త వాక్యం ఇచ్చి వెళ్ళారు. "కెన్ యు ప్లీజ్ బ్రింగ్ సమ్ వాటర్?" దిగకుండా అడిగి తెప్పించుకునే మాట. దీన్ని రాత్రి భోజనాల దగ్గర ఆయనతో అన్నాను. ఆయన చెంబు తెచ్చిచ్చారు. సరాసరి పండు గడిలోకి.

మే 11, ఆదివారం. రైల్లో

మా రైలు స్టేషను నూజివీడు అని పేరు పెట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో కూర్చుంది, ఈ బండి అక్కడ ఆగదు కూడా. బెజవాడ దాకా బస్సే. ఆయన వచ్చి ఎక్కించారు. బండి కదిలే ముందు కాళ్ళ దగ్గర అట్టపెట్టె ఒకటి తోసి గబగబా దిగిపోయారు. "అన్నీ గట్టి కాయేలే, దోర కూడా కాదు! నాలుగు రోజులకి గాని పండవు!" అని కిటికీలోంచి అరిచారు.

చిన్న రసాలు. మూత తియ్యక్కర్లేదు నాకు.

తర్వాత

టీసీ వచ్చాడు. అడక్కముందే లేచి నిలబడి "ఎక్స్‌క్యూజ్ మి, దిస్ ఈజ్ మై సీట్" అన్నాను. "మీదేనండీ, కూర్చోండి. టికెట్ చూపించండమ్మా" అన్నాడు. గుంటూరు వైపు మాట. ఎదుటి సీటు అమ్మాయి నవ్వాపుకుంది. ఆపుకున్న తీరు మర్యాదగానే ఉంది. ఈ పిల్ల దోర.

సాయంత్రం

సిర్పూర్ దాటింది. నాకు తెలుసు తర్వాత ఏం వస్తుందో.

పెట్టెలోంచి వాసన మొదలైంది. ఎన్ని గట్టి కాయలున్నా ఒక్కటి ఉంటుంది, దొంగ, అందరికంటే ముందు పండుతుంది. ఆయన చేత్తో చూస్తారు. తొడిమ మొదట్లో, ముచ్చిక దగ్గర వాసన చూడాలని ఎన్నిసార్లు చెప్పాను!

బల్లార్షా. ఆగింది. చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. చెయ్యి లాగుతోంది, నిజంగా లాగుతోంది. పెట్టె విప్పు, తీసెయ్, కడుగు. కిటికీ వంక చూడలేదు. ఎదుటి అమ్మాయి "ఆర్ యు ఓకే?" అంది. ఆ మాటకి జవాబు టీచరుగారు నేర్పలేదు.

కదిలింది.

మే 12, నాగపూర్

రాత్రి అలిసిపోయి పెట్టె అలాగే వదిలేశాను. పొద్దున్నే విప్పాం. నాలుగు పూర్తిగా చెడిపోయాయి, ఇంకో పదకొండు వాటి రసంలో తడిసి పాడయ్యాయి. అట్ట అడుగు ఊడింది. ఇంటినిండా వాసన.

సునీత మంచం మీంచే చూసింది. నవ్వుతూనే అంది.

"ఈసారి దిగలేదా అమ్మా?"

"ఏంటే?"

"ఏం లేదులే. ఆ తడివి బయట పడెయ్యి, చీమలొస్తాయ్."

బయట పడేశాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. ఈసారి అంటే?

మే 13

ఐదేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది. ఏమీ గుర్తుండదు. వాళ్ళ నాన్న చెప్పి ఉంటారు, ఇలా ఒకసారి మీ అమ్మ నీళ్ళకి దిగింది అని. అంతే అయి ఉంటుంది.

కానీ వాళ్ళ నాన్నకి తెలిసింది నీళ్ళ సంగతే. సునీత అన్నది పళ్ళు చూస్తూ.

మిన్నీ మంచాల కింద దూరి, పిలిస్తే పలకదు. పలక్కపోవడమే దానికి ఆట. అందుకే నా ఫోన్ నంబరు నేర్పిస్తున్నాను. అంకెలన్నీ వచ్చు, వరసే దాని ఇష్టం. ఏడు తర్వాత మూడు అంటే, "నాకు ఐదు ఇష్టం అమ్మమ్మా" అంటుంది.

మే 14

ఇప్పుడే చెప్పెయ్యాలి. చెప్తే పిల్లని పంపదు. చెప్పకపోతే పంపుతుంది, అది ఇంకా భయం.

పొద్దున్నుంచి మూడుసార్లు గది గుమ్మం దాకా వెళ్ళి కాఫీ కావాలా అని అడిగి వచ్చాను. "అమ్మా, ఇప్పటికి మూడోసారి" అంది.

మే 15, గురువారం

చెప్పాను. చెప్పబోయాను.

సునీత ఆనుకుని కూర్చుని మిన్నీకి జడ వేస్తోంది. నేను మంచం అంచున కూర్చుని, "అప్పుడు బల్లార్షాలో నేను దిగింది..." అన్నాను.

"తెలుసమ్మా." జడ ఆపలేదు. "నేను కిటికీ పక్కనే ఉన్నా కదా. నువ్వు పళ్ళు కడుగుతున్నావ్. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి కడుగుతున్నావ్. రైలు కదిలింది, నేను అమ్మా అన్నా. నీకు వినపళ్ళా."

నాకు తెలుగు కూడా రాలేదు.

"నాన్నకి నీళ్ళని చెప్పావని తర్వాతెప్పుడో తెలిసింది. సరే, నీళ్ళే అనుకుందాం అనుకున్నా." రబ్బరు బ్యాండు పళ్ళతో పట్టుకుని, తీసి, జడ చివర వేసింది. "మిన్నీ, అయిపోయింది, పో."

"మరి దీన్ని నాతో ఎలా పంపిస్తున్నావే?"

"ఇంకెవరున్నారమ్మా నాకు?"

అంతే అంది. అటు తిరిగి పడుకుంది. నడుం నొప్పి అంది.

ఆ మాట పొద్దుట్నుంచి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. నా మీద నమ్మకమా, గతి లేకా? ముచ్చిక దగ్గర వాసన చూసినా తెలియడం లేదు. ఇన్నేళ్ళూ తెలిసే నాతో నవ్వుతూ మాట్లాడిందా? అన్నం పెడితే తిందా? సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. రేపు పొద్దున బండి.

మే 16, శుక్రవారం. రైల్లో

అల్లుడు ఎక్కించాడు. "జాగ్రత్త అత్తయ్యగారూ" అన్నాడు. ఊరికే అన్న మాటే అయి ఉంటుంది. ఇతనికి కూడా చెప్పిందా?

సునీత ఇంటి గుమ్మం దాకా వచ్చింది, రావద్దన్నా. మిన్నీ బుగ్గలు రెండూ పట్టుకుని అమ్మమ్మ చెయ్యి వదలకు అంది.

బండి కదలగానే మిన్నీ గౌను బెల్టుని నా కొంగుకి ముడేశాను. రెండు ముళ్ళు. పక్కావిడ చూసి నవ్వింది. నవ్వనీ.

వార్ధా దగ్గర

మిన్నీ బాత్రూం అంది. ముడి విప్పకుండా ఇద్దరం వెళ్ళాం. పెట్టెలో అందరికీ వినోదం.

మూడు సీసాల నీళ్ళు తెచ్చాను. ఒకటి తాగాం. ఒకదానితో మిన్నీ బొమ్మకి తల స్నానం చేయించింది. మూడోది ఉంది.

చంద్రాపూర్

ఆ గది ఎక్కడుందో కిటికీలోంచి వెతికాను. కనబడలేదు. రంగులు మార్చేశారు.

మూడో సీసా మూత సరిగ్గా పెట్టలేదు మిన్నీ. సీటంతా నీళ్ళు. నీళ్ళమ్మేవాడు పొద్దున ఒకసారి వచ్చి మళ్ళీ రాలేదు. ఎండ కమ్మీల్లోంచి ఒళ్ళోకి వస్తోంది. ఏడవకూడదు. దాన్ని తిట్టకూడదు.

బల్లార్షా

ఆగింది. పన్నెండున్నర. రాస్తున్నాను, చేతులకి పని ఉండాలి.

"అమ్మమ్మా, దాహం."

దేవుడా.

ఇరవై రెండేళ్ళు అదే చెప్పాను నేను. పిల్ల దాహమంది, పిల్ల దాహమంది. ఇప్పుడు నిజంగానే అంటోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పక్కావిడ దిగిపోయింది. ఎదురుగా ఇద్దరు ముసుగు తన్ని పడుకున్నారు. ప్లాట్‌ఫారం మీద పంపులు కనబడుతున్నాయి, వరసగా, స్టీలువి. పది అడుగులుంటుందేమో.

"అమ్మమ్మా, దాహం. దాహం!"

కిటికీ బయట ఒకాయన టీ తాగుతున్నాడు. నీలం చొక్కా. "ఎక్స్‌క్యూజ్ మి" అన్నాను. ఆయనకి వినబడలేదు. మళ్ళీ అన్నాను. తిరిగాడు. "కెన్ యు ప్లీజ్ బ్రింగ్ సమ్ వాటర్?" సీసా చూపించాను.

ఆయన నా వంక చూశాడు, పంపుల వంక చూశాడు. మనిషి నిక్షేపంగా ఉంది, దిగొచ్చుగా అన్నట్టు. "యు గో. టెన్ మినిట్స్" అన్నాడు. రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపించాడు.

పది వేళ్ళు. అప్పుడూ పది వేళ్ళే.

"మై చైల్డ్ ఈజ్ ఇన్ ది ట్రైన్."

అనేశాను. మొత్తం. ఎక్కడా ఆగలేదు. మై చైల్డ్ ఈజ్ ఇన్ ది ట్రైన్. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఆయనేమనుకున్నాడో. మిన్నీని చూశాడు, ముడి చూశాడు. టీ గ్లాసు కింద పెట్టి, కమ్మీల మధ్య నుంచి సీసా తీసుకుని వెళ్ళాడు.

ఫోన్. సునీత.

"ఎక్కడున్నారమ్మా?"

"బల్లార్షా."

"మిన్నీ ఏది?"

"ఇక్కడే. కొంగుకి కట్టుకున్నా."

"నువ్వు?"

"సీట్లోనే ఉన్నానే."

ఫోన్ పెట్టెయ్యలేదు అది. ఊపిరి వినబడుతోంది. ఏడుస్తోందో, పడుకుని ఆయాసపడుతోందో తెలియదు. నేనూ పెట్టెయ్యలేదు. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రాస్తున్నాను. పంపు దగ్గర జనం. నీలం చొక్కా వెనక ఉన్నాడు... ఇప్పుడు ముందుకొచ్చాడు. సీసా పట్టాడు. మిన్నీ కమ్మీలకి మొహం ఆనించి చూస్తోంది. గౌను వెనక నుంచి గుప్పిట్లో పట్టుకున్నాను.

కూత.

పది నిమిషాలు కాలేదు. ఐదు కూడా కాలేదు. కదిలింది. సునీత ఫోన్లో "అమ్మా" అంది. వినబడింది, వినబడిందే. ఆయన సీసా పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు, చెయ్యి బయట పెట్టాలి, పెన్ను వదిలేస్తున్నా